క్లబ్బు కోసం తట్టిన తలుపు

“గొడుగు మూసెయ్యండి, మేడమ్.”

“కప్పు కారుతోంది.”

“కప్పు కింద గొడుగు వెయ్యకూడదు. వెనకాలవాళ్ళకి ఆట కనబడదు.”

“కప్పు కారకపోతే నేనూ వెయ్యను. ఇది కప్పా? జల్లెడ.”

యావ్ అడొమాకో, అఫ్రియె మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. అబొన్‌క్రో మైదానంలో వాన గట్టిగా పడుతోంది. వీవర్స్ జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. యావ్ ఆ క్లబ్బుకు సెక్రటరీ. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో అతనికి తెలియదు. కుమాసి పట్నం నుంచి వచ్చినట్టుంది. బూట్లు శుభ్రంగా ఉన్నాయి.

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. “సెక్రటరీ! ఆ గొడుగన్నా తియ్యి, ఆవిడనన్నా తియ్యి!”

“ఆవిడని తియ్యడం నా వల్ల కాదు,” అన్నాడు యావ్.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గొడుగు మూసి, దాని కొనతో కప్పులో ఉన్న కన్నం చూపించింది. నీళ్ళు సరిగ్గా ఆమె భుజం మీదే పడుతున్నాయి.

యావ్ వెళ్ళి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పొడి చోట వేశాడు.

“దీనికెంత?”

“కుర్చీకి డబ్బు లేదు.”

“అందుకే మీ క్లబ్బు ఇలా ఉంది,” అని ఆమె కూర్చుంది.

యావ్‌కు కోపం వచ్చింది. అయినా వెళ్ళలేదు. “ఆట చూడ్డానికి వచ్చారా, మమ్మల్ని తిట్టడానికి వచ్చారా?”

“గేటు చూడ్డానికి వచ్చాను. టికెట్ కొన్నవాళ్ళకంటే మీ భుజం తట్టి లోపలికొచ్చినవాళ్ళే ఎక్కువ.”

“అందులో ఒకాయన మా గోలీ వాళ్ళ నాన్న.”

“మిగతావాళ్ళు?”

“వాళ్ళూ ఎవరో ఒకరి నాన్నలే.”

ఈసారి ఆమె మొహం అటు తిప్పుకుంది. నవ్విందో లేదో యావ్‌కు కనబడలేదు. వీవర్స్ ఆ రోజు ఓడిపోయారు.

*

వీవర్స్ క్లబ్బు పెట్టిన పెద్దాయన ఆ ఆటకు ముందే పోయాడు. మా పద్ధతి ప్రకారం ఆస్తి మేనల్లుళ్ళకు వెళ్ళింది. వాళ్ళకు ఫుట్‌బాల్ అక్కర్లేదు. సముద్రం పక్క ఊరి వ్యాపారి ఒకడు కొంటానని వచ్చాడు. అతనికి ఆటగాళ్ళూ అక్కర్లేదు, మైదానమూ అక్కర్లేదు. పెద్ద లీగ్‌లో వీవర్స్‌కు ఉన్న చోటు కావాలి. కొన్న రోజే పేరు మార్చి తన ఊరికి పట్టుకుపోతాడు.

మేనల్లుళ్ళు చెడ్డవాళ్ళు కారు. కొత్త సీజన్ రిజిస్ట్రేషన్ మూసేలోగా ఈ పక్క మనిషి ఎవరైనా దొరికితే వాళ్ళకే ఇస్తామన్నారు. దొరక్కపోతే అబొన్‌క్రోలో శనివారాలు అంత్యక్రియలకు తప్ప ఇంక దేనికీ జనం చేరరు.

ఆ మనిషిని వెతకడం యావ్ మీద పడింది. కలప వ్యాపారి గుమ్మం ఎక్కాడు. కోకో కొనే పెద్దమనిషి గుమ్మం ఎక్కాడు. కోకో పెద్దమనిషి ఫాంటా ఇచ్చి, అంతా విని, చివర్న ఇలా అన్నాడు. “తన్నడానికి ఇరవై రెండు మంది, ఏడవడానికి ఒకడు. ఆ ఒకణ్ణి నేనెందుకవ్వాలి బాబూ?”

యావ్ ఫాంటా తాగి వచ్చేశాడు.

చివరికి కుమాసిలో అంపెం గారి పేరు ఎవరో చెప్పారు. చల్లని గోదాముల్లో గడ్డకట్టిన చేపలు పెట్టి అమ్ముతాడు. ఆయన లారీలు ఉత్తరాది దాకా వెళతాయి. యావ్ ఆయనకు ఉత్తరం రాసి, చాన్నాళ్ళు చూసి, జవాబు రాకపోయేసరికి ఫైలు పట్టుకుని ట్రోట్రో వ్యాను ఎక్కాడు. గోదాము పైన ఆఫీసు. తలుపు తోశాడు.

బల్ల వెనక అఫ్రియె కూర్చుని ఉంది.

“రండి, సెక్రటరీ గారూ. కూర్చోండి. కుర్చీకి డబ్బు లేదు.”

యావ్ కూర్చోలేదు. “మీరు…”

“అంపెం గారి మేనకోడల్ని. ఎవరైనా ఆయన దగ్గరికి డబ్బు కోసం వస్తే ముందు నేను వెళ్ళి చూసి చెబుతాను. డబ్బు ముట్టుకోను. చూడ్డమే నా పని.”

“అంటే మీరు ఆ రోజే…”

“ఆ రోజే. మీ ఉత్తరం వచ్చిన వారానికే.”

“మరి చెప్పచ్చు కదండీ. కప్పు బాగు చేయించేవాణ్ణి.”

“అందుకే చెప్పలేదు.”

యావ్ కూర్చున్నాడు.

*

ఆ తర్వాత ఆమె అబొన్‌క్రోకు చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పుపట్టేది. జెర్సీలు ఎవరు ఉతుకుతారు? మీరే ఉతుకుతారా? సెక్రటరీ జెర్సీలు ఉతికితే సెక్రటరీ పని ఎవరు చేస్తారు? బస్సుకు అద్దాలెందుకు లేవు?

“గాలి కోసం,” అనేవాడు యావ్.

“వానకో?”

“వాన కూడా గాలితోనే వస్తుంది కదా మేడమ్.”

ఒక శనివారం ఆమె గేటు దగ్గర తనే నిలబడింది. గోలీ తండ్రి వచ్చి యావ్ భుజం తట్టబోయాడు. అక్కడ యావ్ లేడు.

“టికెట్,” అంది అఫ్రియె.

“నేను గోలీ నాన్ననమ్మా.”

“మీ అబ్బాయి జీతం తీసుకుంటాడు. మీరు టికెట్ తీసుకోండి.”

ముసలాయన గొణుక్కుంటూ జేబు వెతుక్కున్నాడు. టికెట్ కొన్నాక యావ్ దగ్గరికొచ్చి అన్నాడు. “ఒరేయ్, ఆ పిల్లని వదులుకోకు. వదిలితే అవతలి జట్టు పట్టుకుపోతుంది.”

“ఆవిడ మా మనిషి కాదు బాబాయ్.”

“మరి నా దగ్గర డబ్బెందుకు తీసుకుంది?”

ఆ రోజు గేటు దగ్గర ఎన్నడూ రానంత డబ్బు వచ్చింది. యావ్ ఆ సంచీ ఎత్తి బరువు చూశాడు. ఇద్దరూ పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకే చెరో ముద్ద, వేయించిన చేప తెచ్చుకుని బస్సు మెట్ల మీద కూర్చున్నారు. నూరిన మిరపకాయ ఎక్కువైంది. ఆమెకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

“ఈ చేప మా మామయ్యదే,” అంది ముక్కు తుడుచుకుంటూ.

“పేరు రాసుందా?”

“రుచి తెలుస్తుంది. నీ మోకాలికేమైంది?”

మొదటిసారి నువ్వు అంది. యావ్ గమనించాడు కానీ గమనించనట్టు చేప ముళ్ళు ఏరాడు.

“ఈ మైదానంలోనే పోయింది. లెఫ్ట్ వింగ్‌లో ఆడేవాణ్ణి. వాన రోజు. జారాను.”

“అంతేనా?”

“అంతే. ఇంకో ఊళ్ళో పోయి ఉంటే ఆ ఊరు వదిలేసేవాణ్ణేమో. ఇక్కడ పోయింది కాబట్టి ఇక్కడే ఉన్నాను.”

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అద్దాల్లేని కిటికీలోంచి లోపలి సీట్లు తడుస్తున్నాయి. ఎవరూ లేచి వెళ్ళలేదు.

“మామయ్య ముందు లాభం మాట ఎత్తకు,” అంది. “లాభం చెప్పేవాళ్ళు రోజూ వస్తారు. వాళ్ళని ఆయన నమ్మడు. నష్టం ఎంతో చెప్పు. ఎన్నేళ్ళు ఉంటుందో చెప్పు. ఆయన అమ్మే చేప అందరికీ తెలుసు, మనిషి ఎవరికీ తెలియదు. ఒక ఊరు తన పేరు పెట్టి అరవాలని ఉంది ఆయనకి. పైకి చెప్పడు.”

“ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావు? నువ్వు ఆయన పక్షం కదా.”

“కెంకే పెట్టించావు కదా,” అంది. “ఆదివారం పొద్దున్నే ఇంటికి రా. చర్చికి వెళ్ళేలోగా ఆయన్ని పట్టుకోవాలి. పెద్దవాళ్ళని ఎవరినైనా వెంటపెట్టుకురా. ఒంటరిగా వచ్చినవాణ్ణి అప్పు కోసం వచ్చాడనుకుంటాడు.”

“సరే.”

“ఫైలు తెచ్చుకో. కానీ ముందు తియ్యకు.”

“సరే.”

“ఆ చొక్కా వేసుకోకు.”

“దీనికేమైంది?”

“ఏమీ కాలేదు. నాకు నచ్చదు.”

*

యావ్‌కు ఉన్న పెద్దదిక్కు మేనమామ ఒకడే. పేరు తవియా. క్లబ్బు పెద్దల్లో కూడా ఆయనే పెద్ద. అబొన్‌క్రోలో పెళ్ళి మాటలకైనా చావు మాటలకైనా ముందు కూర్చుని మాట్లాడేది ఆయనే.

ఆదివారం తెల్లారకముందే తవియా తయారయ్యాడు. మంచి బట్ట భుజం మీదుగా చుట్టుకున్నాడు. చేతిలో రెండు ష్నాప్స్ సారా సీసాలు.

“మామయ్యా, సీసాలెందుకు? మనం వెళ్ళేది వ్యాపారం మాటకి.”

“చేతులూపుకుంటూ వెళ్ళి ఊరి క్లబ్బుకి యజమానిని అడుగుతావురా? ఏం చదువుకున్నావు నువ్వు?”

యావ్ ఇంకేం అనలేదు. తిడితే దారి పొడుగునా తిడతాడు.

అంపెం ఇంట్లో తలుపు తీసింది ఆయన తల్లి పొమా. అఫ్రియెకు అమ్మమ్మ. ఆ ఇంట్లో డబ్బు అంపెంది, మాట ఆవిడది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టింది. అంపెం స్నానం చేస్తున్నాడని చెప్పింది. అఫ్రియె ట్రేలో నీళ్ళు తెచ్చింది. యావ్ చొక్కా మార్చుకున్నాడని చూసింది.

పొమా కూడా చూసింది. పెళ్ళీడు కుర్రాడు. పక్కన అతని మేనమామ. రెండు సీసాలు. ఇంకా కోడి కూయడం మానలేదు.

పిల్లను అడగడానికి మొదటిసారి రావడాన్ని మా దగ్గర తలుపు తట్టడం అంటారు. దానికి ఇలాగే వస్తారు. ఇదే పొద్దున, ఇవే సీసాలతో. పిల్ల ఇంటివాళ్ళు ఆ సీసా తాగితే ఒప్పుకున్నట్టే.

“ఏ ఊరు నాయనా?”

“అబొన్‌క్రో అమ్మా.”

“వీవర్స్ సెక్రటరీవా?”

“అవునమ్మా.”

పొమా నవ్వింది. “అలా చెప్పు. ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి ఈ ఇంట్లో భోజనాల దగ్గర నీ మాట తప్ప ఇంకో మాట లేదు.”

“మంచిగానా అమ్మా?”

“మంచి ఎక్కడిది? అన్నీ తిట్లే. మా పిల్ల ఒకే మనిషిని అన్ని రోజులు తిట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

“అమ్మమ్మా!” అంది అఫ్రియె.

తవియా గొంతు సవరించుకున్నాడు. ఇది ఆయన మాట్లాడే చోటు. “అమ్మా, మేము దూరం నుంచి వచ్చాం. మా ఊళ్ళో ఒక లోటు ఉంది. ఆ లోటు తీర్చే చెయ్యి ఈ ఇంట్లో ఉందని విని, అడుగుదామని…”

అసలు మాట చివర్న చెప్పాలి. అది పద్ధతి. తవియా చివరిదాకా వెళ్ళేలోగా పొమా చెయ్యి ఎత్తింది.

“చాలు. నాకు తెలిసింది. అఫ్రియె, ఈ సీసాలు తీసుకోనా?”

అఫ్రియె క్లబ్బు సంగతే అనుకుంది. “తీసుకో అమ్మమ్మా.”

“తీసుకోనా?”

అఫ్రియె చేతిలో ట్రే ఆగింది. పెద్దవాళ్ళు ఇలా పిల్లను మళ్ళీ మళ్ళీ అడిగేది ఒక్క విషయంలోనే. యావ్ వైపు చూసింది. అతను ఫైలు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు. అతనికీ అర్థమైంది. తవియాకూ అర్థమైంది. కానీ ఆయన ఎన్నో పెళ్ళిళ్ళు కుదిర్చిన మనిషి. కుదురుతున్న పెళ్ళిని ఆపడం ఆయనకు చేతకాదు. కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“తీసుకో,” అంది అఫ్రియె.

“మూడోసారి అడుగుతున్నాను. బాగా ఆలోచించుకుని చెప్పు. నేను తాగితే తాగినట్టే.”

లోపల స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. అఫ్రియె యావ్‌నే చూస్తోంది. ఆపుతాడేమోనని చూసింది. అతను ఆపలేదు. నోరు మూసి, ఆమె కళ్ళలోకి చూశాడు. అంతే చేశాడు.

“తీసుకో అమ్మమ్మా,” అంది. ఈసారి గొంతు చిన్నదైంది.

పొమా సీసా మూత తీసింది. పెద్దల పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు పోసింది. తర్వాత తను తాగింది.

*

అంపెం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. పొట్టి మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు.

“ఏమిటిది?”

“నీ మేనకోడలి తలుపు తట్టారు. నేను తాగాను కూడా,” అంది పొమా.

అంపెం మేనకోడలి వైపు చూశాడు. “క్లబ్బు మాట్లాడ్డానికి మనుషులొస్తారన్నావు?”

అఫ్రియె ట్రే వైపు చూసింది.

అంపెం కూర్చున్నాడు. కోపం తెచ్చుకోలేదు. “అబ్బాయి గురించి ఇది చెప్పినవన్నీ విన్నాను. తిట్లు తీసేస్తే మిగిలింది మంచే. పెళ్ళికి నాకు అడ్డు లేదు. అలాగైతే క్లబ్బు లేదు.”

“అదేమిటి బాబూ?” అన్నాడు తవియా.

“మా మేనమామకి బస్సులుండేవి పెద్దాయనా. ప్రతి బస్సు మీదా ఒక మేనల్లుడు. ఇప్పుడు మేనల్లుళ్ళున్నారు, బస్సుల్లేవు. ఆ మేనల్లుళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి నాకు బాగా తెలుసు. నా డబ్బున్న చోట నా చుట్టం కూర్చోడు. మీ గేటు డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?”

“సెక్రటరీ చేతిలో,” అన్నాడు యావ్.

“చూశావా? అబ్బాయ్, నువ్వే చెప్పు. దేనికొచ్చావు?”

అందరూ యావ్ వైపు చూశారు.

రిజిస్ట్రేషన్ మూయడానికి వారం కూడా లేదు. సముద్రం పక్క వ్యాపారి మేనల్లుళ్ళకు రోజూ ఫోన్ చేస్తున్నాడు. అబొన్‌క్రోలో జనం బస్సు స్టేషన్ దగ్గర చేరి, తవియా ఏ వార్త తెస్తాడా అని చూస్తున్నారు. పంపినది వాళ్ళు. సీసాలు కొన్నది క్లబ్బు డబ్బుతో.

“క్లబ్బు కోసమండి,” అన్నాడు.

అది నిజం. అందుకే వచ్చాడు.

అఫ్రియె ట్రే బల్ల మీద పెట్టింది. చప్పుడు రాకుండా పెట్టింది. లోపలికి వెళ్ళిపోయింది.

పొమా గ్లాసు వైపు చూసుకుంది. “అయితే నేను తాగింది ఎవరిది?”

“క్లబ్బుదమ్మా,” అన్నాడు తవియా నేల చూస్తూ.

“గ్లాసు ఖాళీ అయ్యాక చెబుతారా ఆ ముక్క? ఏం మనుషులయ్యా మీరు!”

అంపెం ఫైలు అడిగాడు. తెరవకుండానే పక్కన పెట్టాడు. “నష్టం ఎంత?”

యావ్ చెప్పాడు. ఎన్నేళ్ళు ఉంటుందో కూడా చెప్పాడు. అంపెం విన్నాడు.

“నష్టం ముందు చెప్పినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను,” అన్నాడు. “ఎవరు నేర్పారు?”

యావ్ లోపలి తలుపు వైపు చూశాడు.

*

క్లబ్బు అబొన్‌క్రోలోనే ఉండిపోయింది. అంపెం సంతకం పెట్టిన రోజు ఊళ్ళో బూరలు ఊదారు, డప్పులు కొట్టారు. ఆడవాళ్ళు ఎదురొచ్చిన ప్రతివాడి మెడ మీదా గెలుపు గుర్తుగా తెల్ల పౌడరు చల్లారు. అంపెం కారు దిగగానే జనం ఆయన పేరు పెట్టి అరిచారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

యావ్ మెడ నిండా పౌడరే. గోలీ తండ్రి అతన్ని పట్టుకుని అడిగాడు. “గెలిచాం కదరా! ఆ మొహమేంటి, పెనాల్టీ వదిలేసినట్టు?”

అఫ్రియె రాలేదు. ఫోన్ ఎత్తలేదు. యావ్ కుమాసి వెళ్ళాడు. ఆమె గోదాము వాకిట్లో లారీ ఎక్కిస్తున్న పెట్టెలు చూస్తోంది.

“చేపలు కావాలా?” అంది.

“కాదు.”

“అయితే పక్కకి జరగండి, సెక్రటరీ గారూ. లారీ వెనక్కొస్తోంది.”

యావ్ జరిగాడు. లారీ వెనక్కొచ్చింది. ఆగింది.

“నేను అబద్ధం చెప్పలేదు అఫ్రియె.”

“తెలుసు,” అంది. “మూడోసారి నేనూ అబద్ధం చెప్పలేదు.”

పెట్టెలు మోసేవాళ్ళు ఇద్దరూ పని ఆపి వింటున్నారు. ఆమె వాళ్ళ మీద అరిచింది. వాళ్ళు పెట్టెలెత్తుకున్నారు. యావ్ ట్రోట్రో స్టేషన్‌కు నడిచి వెళ్ళాడు. మోకాలు నొప్పి పెట్టింది.

మర్నాడు మేనమామ దగ్గరికి వెళ్ళాడు.

“మామయ్యా, మళ్ళీ కుమాసి వెళదాం. ఈసారి సీసాలు నా డబ్బుతో కొంటాను.”

తవియా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఆయన సంగతి విన్నావుగా. ఆ పిల్లని చేసుకుంటే ఆ కుర్చీ పోతుంది.”

“పోనీ.”

“ఆటగాణ్ణుంచి సెక్రటరీ దాకా నీ వయసంతా ఆ క్లబ్బులోనే పోశావు కదరా.”

“పోశాను. అది ఊళ్ళో ఉండాలని తిరిగాను. ఉంది. నేను ఆ కుర్చీలో లేకపోయినా ఉంటుంది. ఆ రోజు ఊరి కోసం మాట్లాడాను మామయ్యా. ఇంక నాకోసం మాట్లాడతాను.”

“తిండి?”

“హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పమంటున్నారు.”

తవియా లేచి మంచి బట్ట కోసం లోపలికి వెళ్ళాడు. “జీతం చాలదు,” అన్నాడు లోపల్నుంచి.

“చాలదు.”

“ఆ ముక్క ముందే చెప్పు వాళ్ళతో. నష్టం ముందు చెబితే ఆయనకిష్టం.”

*

మళ్ళీ ఆదివారం. మళ్ళీ తెల్లారకముందే. పొమా తలుపు తీసి సీసాల వైపు చూసింది.

“ఇవి ఎవరివి?”

“నావమ్మా,” అన్నాడు యావ్.

“ముందే అడిగి తెలుసుకోవడం మంచిదైంది,” అని లోపలికి రానిచ్చింది.

అంపెం ఈసారి బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. యావ్ జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆయన ముందు పెట్టాడు. ఆఫీసువి, గేటువి, జెర్సీల గదివి.

“ఏమిటివి?”

“మీ డబ్బున్న చోట మీ చుట్టం కూర్చోడన్నారు. అందుకని లేచాను.”

“వచ్చే శనివారం మ్యాచ్ ఉంది!”

“ఉందండి.”

“నాకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇంకా సరిగా తెలియదయ్యా!”

“మెల్లిగా తెలుస్తుందండి.”

తవియా గొంతు సవరించుకున్నాడు. ఈసారి మాట ఎక్కడా తిప్పలేదు. ఆయన జన్మలో అంత తిన్నగా మాట్లాడింది లేదు. “అమ్మా, మా అబ్బాయి మీ అఫ్రియె కోసం వచ్చాడు. మోకాలు ఒకటి బాగాలేదు. కొత్త జీతం చిన్నది. ఇంతే మా సంగతి.”

పొమా పిలిచింది. అఫ్రియె వచ్చింది. ట్రే లేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

“ఈ సీసాలు తీసుకోనా?”

“తీసుకోకు.”

తవియా దగ్గాడు. యావ్ కదల్లేదు.

“ఎందుకు?” అంది పొమా.

“ఆ రోజు నన్ను మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ చెప్పాను. అతన్ని ఒక్కసారే అడిగారు, అదీ చెప్పలేకపోయాడు. ముందు అతన్ని అడుగు.”

“మగపిల్లాణ్ణి అడిగే పద్ధతి ఎక్కడుందే?”

“ఈ ఇంట్లో పెడదాం.”

పొమా కొడుకు వైపు చూసింది. కొడుకు తాళాల వైపు చూస్తున్నాడు. ఆవిడ కుర్చీ యావ్ వైపు తిప్పుకుంది.

“అబ్బాయ్. దేనికొచ్చావు?”

“అఫ్రియె కోసం.”

“దేనికొచ్చావు?”

“అఫ్రియె కోసమమ్మా.”

“మూడోసారి. బాగా ఆలోచించుకుని చెప్పు.”

యావ్ అఫ్రియె వైపు తిరిగాడు. “ఆ రోజు ఊరు పంపితే వచ్చాను. ఈ రోజు నన్నెవరూ పంపలేదు. నువ్వు గేటు దగ్గర నిలబడితే గోలీ నాన్న కూడా టికెట్ కొన్నాడు. నా దగ్గర మాత్రం ఏముంది ఎదురుచెప్పడానికి? నీకోసం వచ్చాను. పొమ్మంటే పోయి మళ్ళీ ఆదివారం వస్తాను. సీసాలకి డబ్బులయ్యేదాకా వస్తాను.”

“అప్పటికి నేను బతికుండాలిగా!” అంది పొమా. “అఫ్రియె, తీసుకోనా?”

“తీసుకో.”

“తీసుకోనా?”

“తీసుకో.”

“తీసు…”

“తీసుకో అమ్మమ్మా, తీసుకో! ఆయన ఆ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. పడిపోతాడు.”

పొమా మూత తీసింది. నేల మీద చుక్కలు పోసింది, తాగింది, గ్లాసు తవియాకు అందించింది. తవియా కళ్ళు మూసుకుని తాగాడు. ఇద్దరు ముసలివాళ్ళూ అప్పుడే ముహూర్తం గురించి వాదులాట మొదలుపెట్టారు.

అంపెం తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కొక్క తాళం పైకెత్తి చూశాడు. ఏది దేనిదో ఆయనకు తెలియలేదు.

“సెక్రటరీ,” అన్నాడు.

“ఆయన ఇప్పుడు మీ సెక్రటరీ కాదు మామయ్యా,” అంది అఫ్రియె. “ఈ ఇంటి అల్లుడు. ఏదైనా కావాలంటే అడగండి. మర్యాదగా అడగండి.”

ఆ ఇంటికి అడగడానికి వచ్చేవాళ్ళే కానీ, అంపెం ఎవరినీ ఏదీ అడిగి చాలా ఏళ్ళయింది. ఆయన కుర్చీలో అటూ ఇటూ సర్దుకున్నాడు.

“అల్లుడూ,” అన్నాడు. ఆ మాట గొంతులో కొంచెం ఇరుక్కుని వచ్చింది. “నీ చోట్లో ఎవర్ని పెడితే బాగుంటుందో కాస్త చెబుతావా?”

యావ్ చెప్పబోయాడు. అఫ్రియె అతని చేతిలో గ్లాసు పెట్టింది.

“ముందు ఇది తాగు. మామయ్య ఆగుతాడు.”

అంపెం ఆగాడు.